నాలుగు రోజుల కూడికకు ఒక్కరోజే వచ్చేవారు

కొన్ని రోజులపాటు సాగే కూడిక ఏదైనా సరే, మొదటి రోజు వచ్చినవారంతా చివరిదాకా ఉండరు. చివరి రోజు కనిపించేవారిలో కొందరు మొదటి రోజు రారు. ఒక పూట ఉండి వెళ్లిపోయేవారు, పగలు పనికి పోయి పొద్దుగూకాక చేరేవారు, తమ బదులు ఇంట్లో ఇంకొకరిని పంపేవారు ప్రతిచోటా ఉంటారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వినే సభకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. వచ్చినవారే పని చేయాల్సిన కూడికల సంగతి వేరు. ఊరి పటం గీయడం, పోడు భూముల హద్దులు చూడడం, ఉపాధి పనుల లెక్కలు తనిఖీ చేయడం, అందరూ కలిసి ఒక తీర్మానానికి రావడం వంటి పనుల్లో నిన్నటి పని మీదే ఈరోజు పని నిలబడుతుంది. నిన్న లేనివారు ఈరోజు ఏం మాట్లాడవచ్చు, నిన్న తేల్చినదాన్ని మళ్లీ కదపవచ్చా, రేపు ఉండనివారి మాటను ఎలా నిలపాలి అన్న ప్రశ్నలు అక్కడ పూటపూటకూ ఎదురవుతాయి. వీటికి ముందే జవాబు అనుకోకపోతే నిర్ణయం చివరికి గొంతు పెద్దగా ఉన్నవారి చేతిలోనో, చివరిదాకా కూర్చోగల తీరిక ఉన్నవారి చేతిలోనో పడుతుంది.

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ మండలం ఈ విషయాన్ని దగ్గరగా చూడడానికి తగిన చోటు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. నర్సంపేట నుంచి పాకాల అడవి గుండా వెళ్లే దారిలో ఉన్న ఈ ఏజెన్సీ మండలంలో కోయ గూడేలు, లంబాడా తండాలు అడవి అంచున విడివిడిగా ఉంటాయి. ఊరంతటికీ మూడు రోజులు వరసగా ఖాళీ దొరికే కాలం ఇక్కడ ఏడాదిలో చాలా తక్కువ. వానాకాలంలో నాట్లు, దసరా వేళకు పత్తి ఏరడం, ఆపైన వరి కోతలు, చలి తగ్గేసరికి మిర్చి ఏరడం. ఎండలు ముదరకముందే ఇప్పపువ్వు రాలుతుంది, దానికి తెల్లవారుజామునే చెట్టు కిందికి చేరాలి. ఆ వెనకే తునికాకు. పొద్దున్నే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఆ సీజన్ కొద్ది వారాలే ఉంటుంది, ఆ కొద్ది వారాల్లో చేతికొచ్చే డబ్బుతోనే చాలా ఇళ్లు వానాకాలం పెట్టుబడికి సిద్ధమవుతాయి. అలాంటి రోజుల్లో పొద్దున పదింటికి మొదలయ్యే శిక్షణకు రానివారిని ఆసక్తి లేనివారనడం అన్యాయం.

ఆడవారి హాజరు ఇంకా ముక్కలుముక్కలుగా ఉంటుంది. వంట, నీళ్లు, పిల్లలు, మేకలు, కోళ్లు చూసుకుని వారు వచ్చేసరికి కూడిక మొదలై గంట దాటుతుంది. పొద్దు వాలకముందే మళ్లీ లేవాలి. నిర్వాహకులు మాత్రం ముఖ్యమైన విషయాలను పొద్దున తొలిగంటలో చెప్పి, తీర్మానాలను సాయంత్రం చివరిగంటలో పెడుతుంటారు. హాజరు పుస్తకంలో ఆడవారి సంతకాలు నిండుగా ఉన్నా, కూడికలో బరువైన ఆ రెండు గంటలూ వారికి దక్కవు. పాక్షిక హాజరు గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని రోజులు వచ్చారన్న లెక్కకన్నా ఏ గంటల్లో ఉన్నారన్న లెక్క ముఖ్యం.

పండుగలకూ జాతరలకూ ఈ చిక్కు పాతదే. జనం దానికి దారులు కనుక్కున్నారు కూడా. అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మేడారం జాతర. దానిలో ఒక పాయ కొత్తగూడ ప్రాంతం నుంచే బయలుదేరుతుంది. ఒకప్పుడు కొత్తగూడ మండలంలో ఉండి, 2016 తర్వాత గంగారం మండలంలోకి వచ్చిన పూనుగొండ్ల, జాతర దేవతల్లో ఒకరైన పగిడిద్దరాజు ఊరు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ పెనక వంశపు పూజారులు పగిడిద్దరాజును తీసుకుని, అడవి దారిన కాలినడకన, ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారానికి వెళతారు. ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి గోవిందరాజు, మేడారం పక్కనున్న కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తారు. ఈ ముగ్గురూ బుధవారం గద్దెలకు, అంటే దేవతలను నిలిపే వేదికలకు, చేరతారు. గురువారం చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క దిగుతుంది, ఆ వేళ జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలుకుతారు. శుక్రవారం దేవతలంతా గద్దెల మీద ఉంటారు. శనివారం సాయంత్రం వనప్రవేశం. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా ఈ నాలుగు రోజులు నడిచాయి. 1996లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ప్రభుత్వ అంచనాల ప్రకారం ఇప్పుడు కోటికి పైగా జనం వస్తున్నారు.

ఆ కోటి మందిలో నాలుగు రోజులూ ఉండేవారు కొద్దిమందే. జంపన్నవాగులో స్నానం చేసి, నిలువెత్తు బంగారం, అంటే తమ బరువుకు సరితూగే బెల్లం, గద్దెకు సమర్పించి, కోడినో మేకనో మొక్కు చెల్లించుకుని, ఒక రాత్రి గుడారంలో ఉండి తిరుగు బస్సెక్కేవారే ఎక్కువ. వారిలో ఎవరూ సగం జాతర చేసుకున్నామని అనుకోరు. ఏ ఒక్కరోజు వచ్చినా చేయదగిన పని ఒకటి మొదలై, నడిచి, ముగిసేలా జాతర కూర్పే ఉంది. మొక్కు ఎవరిది వారిదే కాబట్టి ఒకరి రాక మరొకరి పనికి అడ్డు కాదు. నాలుగు రోజులనూ కలిపి పట్టుకునే భారం మాత్రం పూజారులది, వారి వెంట ఉండే కోయ పెద్దలది. దేవతలను తెచ్చేవారికి, తిరిగి వనానికి చేర్చేవారికి ఒక పూట వచ్చి వెళ్లే వెసులుబాటు లేదు.

జాతర అంచులు కూడా గమనించదగినవి. అసలు రోజులకు రెండు వారాల ముందు గుడిమెలిగె పండుగ, ఒక వారం ముందు మండమెలిగె పండుగ, జాతర ముగిశాక వచ్చే బుధవారం తిరుగువారం పండుగ. జాతర లేని ఏడాది చిన్న జాతర జరుగుతుంది, 2025లో అది ఫిబ్రవరి 12 నుంచి 15 దాకా నడిచింది. రద్దీలో రాలేని ముసలివారు, చంటిబిడ్డల తల్లులు ముందస్తు మొక్కులకు వారాల ముందే వచ్చి వెళతారు. అసలు రాలేనివారికి ఆర్టీసీ పార్సిల్ ద్వారా ప్రసాదం ఇంటికి పంపే ఏర్పాటు ఇటీవలి జాతరల్లో వచ్చింది. రాలేకపోవడాన్ని తప్పుగా చూడకుండా, దానికీ ఒక చోటు కల్పించిన పద్ధతి ఇది.

ఇంత మంచి కూర్పులోనూ ఒక బలహీనత ఉంది. ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తే అందరూ ఒకే సమయాన్ని ఎంచుకుంటారు. గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం రాత్రి దాకా తాడ్వాయి, పస్రా దారులు వాహనాలతో నిండిపోతాయి. చిన్న కూడికల్లోనూ ఇదే జరుగుతుంది. చివరి రోజు ధ్రువపత్రాలు ఇస్తారని, అధికారి వస్తారని తెలిస్తే మొదటి రెండు రోజులు రానివారంతా ఆ రోజే వస్తారు. ఆ రోజే తీర్మానం పెడితే, రెండు రోజులు కూర్చుని విషయం నలిపినవారికన్నా కొత్తగా వచ్చినవారి సంఖ్య ఎక్కువగా ఉంటుంది. అందుకే పంపిణీ, ఫొటోలు, అతిథుల మాటలు ఒక రోజున, తీర్మానం మరో రోజున పెట్టడం మేలు.

బతుకమ్మ మరో దారి చూపిస్తుంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఆరో రోజు, అలిగిన బతుకమ్మ నాడు, బతుకమ్మను పేర్చరు. అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డ మొదటి నాలుగు రోజులు లేకపోవచ్చు, ఐదో రోజు వచ్చి వలయంలో నిలబడితే ఆ క్షణం నుంచే ఆమె ఆటలో ఉన్నట్టు. పాట కట్టులోనే ఆ వీలుంది. ఒకరు చరణం అందుకుంటే మిగతావారంతా ఒకే పల్లవి పలుకుతారు. పల్లవి రెండుసార్లు వింటే కొత్తవారికి నోటికొస్తుంది, చప్పట్లు, అడుగులు పక్కవారిని చూసి అందుతాయి. చేతులు కలిపి కట్టేసిన వలయం కాకపోవడంతో ఎక్కడైనా చోటు దొరుకుతుంది. మధ్యలో చేరేవారికి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ నేర్పనక్కర్లేదు. దీనికి కాస్త ముందు, శ్రావణంలో, లంబాడా తండాల్లో జరిగే తీజ్ కూడా తొమ్మిది రోజులే. అక్కడ పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. మొలకకు ఒక రోజు నీళ్లు తప్పినా నష్టమే కాబట్టి దానికి తొమ్మిది రోజుల కట్టుబాటు కావాలి. రెండూ తొమ్మిది రోజుల పండుగలే, పని స్వభావాన్ని బట్టి హాజరు నియమం మారింది.

చిత్తూరు వైపు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర 18 రోజులు జరిగే భారత ఉత్సవాలు ఈ రెండు తీరులనూ ఒక్కచోట చేర్చాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చుట్టుపక్కల ఊళ్లవారు తమకు నచ్చిన ఘట్టానికి వస్తారు. సంతానం కోరే స్త్రీలు అర్జున తపస్సు నాడు తప్పక వస్తారు, దుర్యోధన వధ నాడు ఇసుక వేస్తే రాలనంత జనం. చివర అగ్నిగుండం తొక్కేవారు మాత్రం ముందే కంకణం కట్టుకుని నియమాల్లో ఉండాలి. కంకణం కట్టుకున్నవారికీ చూడవచ్చినవారికీ మధ్య గీత అందరికీ తెలుసు. చూడవచ్చినవారిని ఎవరూ తక్కువ చేయరు, కంకణధారికి ఉన్న పనిని వారు కోరరు. పాల్గొనేవారికి ఉన్న రెండు వరసలను బాహాటంగా చెప్పడమే ఇందులోని తెలివి. నేటి సమావేశాల్లో చాలా తగువులు ఈ గీత లేకపోవడంవల్ల పుడతాయి. ఎవరు చివరిదాకా ఉంటామని మాట ఇచ్చారో, ఎవరు వీలైనంత వస్తామన్నారో మొదటే తెలియాలి.

కొన్ని కూడికలు అసలు పాక్షిక హాజరును ఒప్పుకోవు. హైదరాబాద్‌లో వనస్థలిపురం దాటాక ఉన్న ధమ్మఖేత్త వంటి కేంద్రాల్లో నడిచే పది రోజుల విపశ్యన కోర్సులో చివరిదాకా ఉంటామని ఒప్పుకున్నవారినే చేర్చుకుంటారు. అక్కడ ఒక రోజు అభ్యాసం లేకుండా మరుసటి రోజుది పట్టుబడదు. 2001లో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని అల్గోల్ గ్రామంలో జరిగిన ప్రజాతీర్పు మరో రకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయం ఏ దారిన పోవాలన్నది తేల్చడానికి చిన్న, సన్నకారు రైతులు, వారిలో ఎక్కువగా మహిళలు, జ్యూరీగా కూర్చున్నారు. నాటి ప్రభుత్వ విజన్ 2020 దారి, సేంద్రియ పంటల ఎగుమతి దారి, స్థానిక స్వావలంబన దారి వారి ముందు పెట్టారు. వాటిని సమర్థించేవారు, నిపుణులు, అధికారులు వచ్చి తమ వాదన వినిపించి, జ్యూరీ అడిగిన ప్రశ్నలకు బదులిచ్చి వెళ్లారు. అలాంటి కూడికలో సాక్షి ఒక్క పూట ఉన్నా చాలు. తీర్పు చెప్పేవారు అన్ని వాదనలూ వినాలి, ఒక వైపు విని మరో వైపు వినని జ్యూరీ సభ్యుడి తీర్పుకు విలువ లేదు.

దీనికి పూర్తిగా ఎదురుకొసన ఉన్న పద్ధతి 1985లో అమెరికాలో హారిసన్ ఓవెన్ మొదలుపెట్టిన ఓపెన్ స్పేస్. అక్కడ వచ్చినవారే తమకు కావలసిన విషయాలు ప్రతిపాదించి చిన్న గుంపులుగా చేరతారు, తమకు పనిలేదనిపిస్తే లేచి మరో గుంపుకు వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది. రానివారి కోసం ఎదురుచూడడం, వెళ్లిపోయినవారి గురించి బాధపడడం ఉండవు. ప్రతి గుంపూ తన మాటల సారం కాగితం మీద రాసి గోడకు అంటించాలి, లేనివారు చదువుకుంటారు. ఆలోచనలు పోగుచేయడానికి ఇది చక్కటి దారి. అందరి మీద అమలయ్యే నిర్ణయానికి, అందులోనూ అందరూ చదవలేని చోట, ఇది సరిపోదు.

గోడమీది కాగితానికి బదులు నేలమీది పటం పల్లెకు బాగా కుదిరింది. గ్రామీణ భాగస్వామ్య మదింపు అని పిలిచే పద్ధతికి పేరు తెచ్చినవారిలో ఒకరైన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి 1991 దాకా హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నారు. ఆ పద్ధతిలో ఊరివారు ముగ్గుపిండి, రాళ్లు, గింజలు, ఆకులతో ఊరినీ చేలనూ వాగులనూ నేలమీద గీస్తారు. మధ్యలో వచ్చినవారికి ఆ పటమే అప్పటిదాకా జరిగిన పని చెబుతుంది. పనికి పోయి సాయంత్రం వచ్చిన రైతు పటాన్ని ఒక్క చూపు చూసి, ఫలానా కుంట ఇటు కాదు అటు అని గులకరాయి జరపగలడు. మాటల్లో జరిగిన చర్చను అలా సరిదిద్దాలంటే అతనికి మొదటి నుంచీ అంతా చెప్పాలి. అయితే నేలమీది పటం రాత్రి వానకో పశువుల తొక్కిడికో చెరిగిపోతుంది కాబట్టి ఏ పూటకాపూట కాగితం మీదికి ఎక్కించాలి, ఎక్కించాక దాన్ని ఊరివారికే మళ్లీ చూపించాలి.

చట్టం ఈ విషయాన్ని ఎలా చూసిందో తెలుసుకోవడం కొత్తగూడ వంటి చోట అవసరం. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం కింద పోడు భూముల దరఖాస్తును మొదట పరిశీలించేది గ్రామసభ. 2012 సెప్టెంబరులో సవరించిన నియమాల ప్రకారం గ్రామసభ కోరానికి సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవారిలో కనీసం మూడో వంతు స్త్రీలు కావాలి. అంతకుముందు మూడింట రెండు వంతుల మంది రావాలని ఉండేది, అంతమంది ఒక్క పూటకు చేరడం ఎంత కష్టమో చూశాకే అది తగ్గింది. కోరం తగ్గించినా ఒక కట్టు పెట్టారు. హక్కుల దరఖాస్తుల మీద తీర్మానం చేసేటప్పుడు దరఖాస్తుదారుల్లో కనీసం సగం మందైనా, లేదా వారి తరఫువారైనా, అక్కడ ఉండాలి. ఎవరి భూమి గురించి మాట్లాడుతున్నారో వారే లేని సభకు ఆ అధికారం లేదన్నమాట.

ఆ నియమాల్లోనే ఇంకా లోతైన ఏర్పాట్లు ఉన్నాయి. సంచార జాతులు, పశువుల కాపరుల దరఖాస్తులను వారు ఊళ్లో ఉండే సమయం చూసే పరిశీలించాలి. అంటే హాజరుకు అనువైన కాలాన్ని వెతికే బాధ్యత సభదే. అధికారుల గైర్హాజరు గురించి చెప్పిన మాట మరీ విలువైనది. భూమిమీద పరిశీలనకు అటవీ, రెవెన్యూ శాఖలవారు వచ్చి, చూసి, తేదీ, హోదాతో సంతకం చేయాలి. రాకుండా ఉండి, ఆ తర్వాత మేము లేనప్పుడు చూశారని సామూహిక దరఖాస్తుకు అభ్యంతరం పెడితే అది మరోసారి పరిశీలనకు గ్రామసభకు వెళుతుంది. రెండోసారి కూడా వారు రాకపోతే పరిశీలనపై గ్రామసభ చెప్పిందే ఖాయం. రాకపోవడం ఒకసారి మన్నించదగింది, దాన్నే ఆయుధంగా వాడుకోవడం కుదరదు. గ్రామసభ తీర్మానంతో నష్టపోయామనుకున్నవారికి పై కమిటీకి విన్నవించుకోవడానికి 60 రోజుల గడువు కూడా ఉంది. ఆ రోజు సభలో లేనివారికి అది మిగిలిన దారి. తెలంగాణలో 2021 నవంబరులో పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు, 2023 జూన్ 30న పట్టాల పంపిణీ మొదలైనప్పుడు ఎవరు ఏ సభలో ఉన్నారన్నది కుటుంబాల భూమికి సంబంధించిన విషయమైంది.

ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఇంకో పాఠం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనులను తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ తనిఖీలు 2006లో మొదలయ్యాయి, 2009లో దానికోసమే ఒక సొసైటీ ఏర్పడింది. తనిఖీ బృందంలోవారు ఎక్కువగా కూలి కుటుంబాల యువతీయువకులే. వారు తమది కాని ఊళ్లో కొన్ని రోజులు మకాం వేస్తారు. కూలీలు రోజంతా కూర్చోలేరని తెలుసు కాబట్టి వారే ఇంటింటికీ వెళతారు. మస్టర్‌లో రాసిన రోజులు, అందిన కూలి చదివి వినిపించి, ఔనా కాదా అడిగి, చెప్పింది రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. పని జరిగిన చోట కొలతలు వేస్తారు. అంతా అయ్యాక గ్రామసభలో చదువుతారు, ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. ఒక కూలీ ఈ మొత్తంలో ఇచ్చేది తన గుమ్మం ముందు పావుగంట. ఆ పావుగంటలో చెప్పిన మాట రాతలో ఉండి, ఆమె లేని వేదిక మీద కూడా చదవబడుతుంది.

ఇక్కడా జాగ్రత్త కావాలి. ఇంటిదగ్గర ధైర్యంగా చెప్పినవారు వేదిక మీద మేస్త్రీ, క్షేత్ర సహాయకుడు ఎదురుగా ఉంటే మాట మార్చడం లేదా అసలు రాకపోవడం తనిఖీ చేసినవారందరికీ తెలిసిన విషయం. కాబట్టి గుమ్మం ముందు మాట తీసుకునేటప్పుడే ఆమెకు రెండు సంగతులు తెలియాలి. ఈ మాట ఎక్కడ చదువుతారు, చదివేటప్పుడు ఆమె పేరు చెబుతారా. అది చెప్పకుండా తీసుకున్న వాంగ్మూలం సగం హాజరే అవుతుంది.

ఈ ఉదాహరణలన్నీ ఒక విషయంలో కలుస్తాయి. కూడికలో ఏ పని తెగకుండా సాగాలో, ఏ పని ఏ పూటకాపూట పూర్తవుతుందో విడదీసుకోవాలి. తెగకుండా సాగాల్సిన పనికి కొద్దిమందిని కట్టుబడేలా చేసి, మిగతా పనులను అందరికీ తెరిచి ఉంచాలి. మూడు రోజుల మహిళా సంఘం శిక్షణనే తీసుకుంటే, పద్దుల పుస్తకం రాయడం నేర్చుకునేవారు మూడు రోజులూ ఉండాల్సిందే. అప్పు ఎవరికి ముందు ఇవ్వాలన్న చర్చకు సభ్యులంతా ఒక్క పూట వస్తే చాలు. రెండింటినీ కలిపేసి అందరినీ మూడు రోజులూ రమ్మంటే మూడో రోజుకు ఎవరూ పూర్తిగా మిగలరు.

ఒకరి బదులు ఒకరిని పంపడం వేరుగా ఆలోచించాల్సిన సంగతి. నిన్న అత్త వచ్చింది, ఈరోజు కోడలు వచ్చింది, పుస్తకంలో హాజరు నిండింది. ఇంటి తరఫున సమాచారం చేరాల్సిన సభకు ఇది మంచిదే. నైపుణ్యం నేర్పే శిక్షణకు మాత్రం గైర్హాజరు కన్నా నష్టం. ఇద్దరికీ సగంసగం వచ్చి, ఎవరికీ పని రాదు. తీర్మానం చేసే సభలో ఇంకో చిక్కు ఉంది. నిన్న అత్త ఒప్పుకున్నదాన్ని ఈరోజు కోడలు కాదంటే ఏది ఆ ఇంటి మాట? బదులు వచ్చేవారు నిన్న అనుకున్నదాన్ని తెలుసుకునే రావాలని, దాన్ని కదపాలంటే నిన్నటివారూ ఉన్నప్పుడే కదపాలని మొదటి రోజే అందరూ ఒప్పుకుంటే ఈ తగువు రాదు.

ఆలస్యంగా వచ్చినవారిని కలుపుకోవడంలో చాలామంది నిర్వాహకులు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. కొందరు ఆగి, మొదటి నుంచీ మళ్లీ చెబుతారు. అప్పుడు వేళకు వచ్చినవారి పొద్దు వృథా అవుతుంది, మరుసటి రోజు నుంచి వారూ ఆలస్యంగానే వస్తారు. కొందరు అసలు పట్టించుకోరు, కొత్తగా వచ్చినవారు వెనక చాపమీద కూర్చుని కాసేపటికి లేచిపోతారు. వచ్చినవారి పక్కన నిన్నటివారొకరిని కూర్చోబెట్టి, నాలుగు మాటల్లో చెప్పించడం తేలిక. ఆ చెప్పేది కోయ గూడెంలో కోయలోనో, తండాలో లంబాడీలోనో సాగితే ఇంకా మేలు, నిర్వాహకుడి తెలుగుకన్నా అది త్వరగా అందుతుంది. ప్రతి పొద్దూ మొదటి పావుగంట నిన్నటి పనిని నిర్వాహకుడు కాక ఊరివారే చెప్పాలి. అందులో తప్పులు దొర్లితే నిన్న ఎవరికి ఏమి అర్థమైందో బయటపడుతుంది, వేళకు వచ్చినవారికీ ఆ పావుగంట పనికొస్తుంది.

ముందే వెళ్లిపోయేవారి గురించి ఇంతకన్నా తక్కువ ఆలోచిస్తారు. రేపు రాలేనని తెలిసినవారు ఆ సాయంత్రమే తమ మాట చెప్పి వెళ్లాలి. రేపటి తీర్మానంలో తమకు పట్టనిది ఏది, తప్పక ఉండాల్సింది ఏది, తమ తరఫున ఎవరు మాట్లాడతారు అన్నవి అందరి ముందు అడిగి రాసుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. చెప్పకుండా జారుకునేవారిలో చాలామందికి వెళ్లడం తప్పనిపించే బెరుకే కారణం. మొదటి రోజే, వెళ్లాల్సినవారు చెప్పి వెళ్లండి, ఏమీ అనుకోం అని చెబితే ఆ బెరుకు పోతుంది.

కొన్ని విషయాలు ఏర్పాట్ల పరిధిలోవే అయినా హాజరును అవే ఎక్కువగా నిర్ణయిస్తాయి. వారపు అంగడి రోజున కూడిక పెట్టకూడదు. గూడేనికి పోయే చివరి ఆటో ఎన్నింటికో తెలుసుకుని దానికి అరగంట ముందే ఆనాటి పని ముగించాలి. తునికాకు, ఇప్పపువ్వు రోజుల్లో తప్పనిసరైతే మధ్యాహ్నం భోజనాల తర్వాతో, రాత్రి బువ్వలయ్యాకో పెట్టుకోవాలి. తీర్మానాలను ఆడవారు ఎక్కువగా ఉండే మధ్యాహ్నపు వేళకు మార్చాలి. పనికి పోకుండా వచ్చినవారికి కూలి కట్టిచ్చే ఏర్పాటు ఉంటే దాన్ని పూటల లెక్కన ఇవ్వడం సబబు. మూడు రోజులూ వస్తేనే మొత్తం ఇస్తామంటే రెండు రోజులు కష్టపడి వచ్చినవారు ఉత్తచేతులతో పోతారు. హాజరు పుస్తకంలో కూడా రోజుకొక సంతకం కాక పూటకొకటి తీసుకుంటే ఏ తీర్మానం వేళ ఎవరున్నారో తర్వాత తేల్చుకోవచ్చు.

తీర్మానం అయ్యాక మిగిలేది దాన్ని రానివారికి చేర్చడం. పంచాయతీ కార్యాలయం గోడకు ప్రతి అంటించడంతో ఆగితే అది చదవగలిగినవారికి, అటు వెళ్లేవారికి మాత్రమే అందుతుంది. తీర్మానం నాడు ఎవరూ రాని గూడేనికి ఇద్దరు వెళ్లి, సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక తీర్మానం చదివి వినిపించాలి. అభ్యంతరాలుంటే పేర్లతో రాసుకుని, ఎన్ని రోజుల్లోపు ఎవరికి చెప్పుకోవచ్చో తెలిపి, ఆ కాగితాన్ని అసలు తీర్మానానికే జతచేయాలి.